ఎండకి వదులైపోయిన ఫోన్ స్టాండు: ప్లాస్టిక్ వ్యాకోచాన్ని ఇంట్లోనే కొలిచి చూశా

మా నాన్న విజయవాడలో క్యాబ్ నడుపుతారు. గన్నవరం ఎయిర్‌పోర్టు, గుంటూరు, ఏలూరు, రోజంతా ఇవే ట్రిప్పులు. మ్యాప్, బుకింగ్, పేమెంట్ అన్నీ ఫోన్లోనే కాబట్టి ఫోన్ కళ్లెదురుగా లేకపోతే ఆ రోజు సంపాదన లేనట్టే. బయట కొన్న స్టాండ్లు ఏవీ ఆయన పాత కారు డ్యాష్‌బోర్డ్ వంపు మీద సరిగ్గా కూర్చోలేదు. అందుకని ఫిబ్రవరిలో నేనే ఒకటి డిజైన్ చేసి, మా రూమ్‌లో ఉన్న చిన్న త్రీడీ ప్రింటర్ మీద తీసి ఇచ్చా. నెలన్నర బ్రహ్మాండంగా పనిచేసింది. ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోన్.

"ఒరేయ్, నీ స్టాండులోంచి ఫోను జారిపోయిందిరా. బ్రేకు పెడల్ పక్కన పడింది. వెనకాల లారీ ఉంది."

అంతకుమించి ఏమీ అనలేదు. అనకపోయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ స్టాండు నేను చేసింది.

నేను చదివింది బీటెక్ మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. హైదరాబాద్‌లో మాలాంటివాళ్లు ఏ హాస్టల్లో చూసినా గదికి ఒకడు దొరుకుతాడు. నాలుగేళ్ల చదువులో ఇంకా గుర్తున్న కొద్దిపాటి విషయాల్లో "వేడి చేస్తే వస్తువు వ్యాకోచిస్తుంది" అన్నది ఒకటి. కాబట్టి జవాబు చిటికెలో దొరికిందనుకున్నా. ఎండకి ప్లాస్టిక్ సాగింది, పట్టు వదులైంది, ఫోన్ జారింది. డిజైన్ ఫైల్ తెరిచి, ఫోన్ పట్టే ఖాళీని 0.3 మిల్లీమీటర్లు బిగించి, మళ్లీ ప్రింట్ తీసి బస్సులో పార్శిల్ వేశా.

తొమ్మిది రోజులకి అది కూడా ఫోన్‌ని వదిలేసింది. ఈసారి బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. నాన్న ఫోన్ మీదుగా రెండు రబ్బరు బ్యాండ్లు తగిలించి పని కానిచ్చేశారు. "ఇది బాగానే ఉంది, నువ్వేం కంగారు పడకు" అన్నారు. అది ఓదార్పో, నా డిగ్రీ మీద తీర్పో ఇప్పటికీ తెలీదు.

లాగ్స్ చూడకుండా బగ్ ఫిక్స్ చేసేవాణ్ని మా టీమ్‌లో ఎవరూ క్షమించరు. నేను చేసింది సరిగ్గా అదే. ఆ 0.3 ఎక్కణ్నుంచి వచ్చింది? గాల్లోంచి. అందుకే ఈసారి ముందు కొలుద్దాం అనుకున్నా.

అసలు ప్లాస్టిక్ ఎంత సాగుతుంది?

ఇంటర్ ఫిజిక్స్‌లో దైర్ఘ్య వ్యాకోచ గుణకం అని చదువుకున్నాం కదా. ఆ పేరు చూసి పేజీ మూసేయకండి. సులువుగా ఇలా పెట్టుకుందాం: ఒక మీటరు పొడవున్న ముక్కని ఒక్క డిగ్రీ వేడెక్కిస్తే ఎన్ని మైక్రాన్లు సాగుతుంది? మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మామూలు గాజు సుమారు 9 మైక్రాన్లు. స్టీలు 12. అల్యూమినియం 23. ఇక ప్లాస్టిక్‌ల దగ్గరికొస్తే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. ఫోన్ బాడీల్లో వాడే పాలీకార్బొనేట్ 65 నుంచి 70. త్రీడీ ప్రింటింగ్‌లో అందరూ మొదట వాడే పీఎల్ఏ కూడా దాదాపు అంతే, 68. ఏబీఎస్ రకాన్ని బట్టి 70 నుంచి 100. డబ్బాలకీ బిందెలకీ వాడే పాలిథీన్, పాలీప్రొపిలీన్ లాంటివి 100 పైనే. లోహంలో అణువులు గట్టి బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ప్లాస్టిక్‌లో పొడవాటి గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బలహీనంగా అతుక్కుని ఉంటాయి. కాస్త వేడి తగిలితే చాలు, దూరం జరుగుతాయి.

ఇవి పుస్తకాల్లో, డేటాషీట్లలో ఉండే అంకెలు. నా ప్రింటర్ తీసిన ముక్క కూడా అలాగే ప్రవర్తిస్తుందా? కొలిచి చూడాలి.

నా దగ్గరున్న సరంజామా పెద్దదేం కాదు. 150 మిల్లీమీటర్ల డిజిటల్ కాలిపర్, మల్టీమీటర్‌తో వచ్చిన థర్మోకపుల్ వైరు, ఒక లోతైన గిన్నె, ఇండక్షన్ స్టవ్, జిప్‌లాక్ కవర్లు. పీఎల్ఏ, పీఈటీజీ, ఏబీఎస్‌లతో 140 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీలు తీశా. ఏబీఎస్, మూత ఉన్న ప్రింటర్ లేకపోతే అంచులు లేచిపోతుంది, పైగా వాసన. అందుకే అది మాత్రం ఆఫీసులో ఒక ఫ్రెండు దగ్గర తీయించా. లోపల బోలు లేకుండా పూర్తిగా నిండుగా ప్రింట్ తీయడం ముఖ్యం. జాలీలా ఉంటే లోపలి గాలికి వేడి పట్టడం ఆలస్యమై లెక్క తప్పుతుంది. కవర్లు ఎందుకంటే, కొన్ని ప్లాస్టిక్‌లు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. నైలాన్ అయితే మరీను. కొలిచింది వేడి ఉబ్బో, నీటి ఉబ్బో తెలీకుండా పోతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇంకోటి ఉంది. అదే సైజు అల్యూమినియం కడ్డీ, కూకట్‌పల్లిలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో కోయించా. అల్యూమినియం ఎంత సాగుతుందో ముందే తెలుసు కాబట్టి, నా పద్ధతి నిజం చెబుతోందా లేదా అన్నది అదే చెప్పాలి. 140 మిల్లీమీటర్ల అల్యూమినియం 25 డిగ్రీలు వేడెక్కితే 0.08 మిల్లీమీటర్లు సాగాలి. నా కాలిపర్ చూపించే కనీస తేడా 0.01. దాని అసలు ఖచ్చితత్వం 0.03 అని పెట్టె మీదే రాసుంది. అంటే అంచు మీద నడుస్తున్నట్టే.

మొదటి రోజు మొత్తం వృథా

గది 26 డిగ్రీలు, నీళ్లు 51. కడ్డీని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీసి కొలిచా. అల్యూమినియం ఒకసారి 0.05, ఇంకోసారి 0.11, మరోసారి 0.07. పీఎల్ఏ అయితే పుస్తకం చెప్పిన 0.24లో సగం కూడా రాలేదు. రూమ్మేట్ చూసి "నువ్వు కోడ్ రాసుకోవడమే మంచిదిరా" అన్నాడు.

తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నిటికంటే పెద్దది తొందర. అల్యూమినియంలో వేడి క్షణాల్లో లోపలిదాకా పాకుతుంది, ప్లాస్టిక్‌లో అలా కాదు. 10 మిల్లీమీటర్ల మందానికి నడిమధ్య దాకా వేడి చేరడానికి చాలా నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో పైపొర మాత్రమే వేడెక్కి సాగాలని చూస్తుంటే, చల్లగా ఉన్న లోపలి భాగం దాన్ని సాగనివ్వదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మమ్మ అనేది. ఆ సామెతలో ఉన్న ఫిజిక్స్ కూడా ఈ లాగులాటే. రాయి విరిగేది వేడెక్కినందుకు కాదు, ఒక భాగం ముందు, ఇంకో భాగం వెనక వేడెక్కినందుకు. తర్వాత్నుంచి ప్రతి కడ్డీనీ 20 నిమిషాలు నీళ్లలోనే వదిలేశా.

రెండోది నా చెయ్యి. కాలిపర్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటే అది కూడా వేడెక్కుతుంది. అది స్టీలు, అదీ సాగుతుంది. కాలిపర్ని టేబుల్ మీదే పెట్టి, గుడ్డ గ్లోవ్స్‌తో కడ్డీని తీసి, అయిదు సెకన్లలో కొలిచి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నా. మూడోది బొటనవేలి బలం. దవడల్ని గట్టిగా నొక్కితే వేడి ప్లాస్టిక్ ఒకటి రెండు వందో వంతులు లోపలికి నొక్కుకుపోతుంది. కొలిచే చోట మార్కర్‌తో గీత పెట్టి, ప్రతిసారీ అక్కడే, తేలిగ్గా తాకించి, ఒక్కో కడ్డీకి అయిదు సార్లు కొలిచి సగటు తీశా. మధ్యమధ్యలో దవడలు మూసి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకున్నా.

రెండో రోజు సాయంత్రానికి అల్యూమినియం 0.08 దగ్గర నిలబడింది. చిన్న అంకే, కానీ నాకు పెద్ద సంతోషం. మిగతావి వరసగా: పీఈటీజీ 0.20, పీఎల్ఏ 0.23, ఏబీఎస్ 0.30. లెక్క ప్రకారం ఇవి 0.21, 0.24, 0.31 రావాలి. కడ్డీ బయటికి తీసి కొలిచేలోపు కొంచెం చల్లారుతుంది కాబట్టి నాది ప్రతిసారీ కాస్త తక్కువే. ఇండక్షన్ స్టవ్ మీద చేసిన పనికి ఇంతకంటే ఏం కావాలి?

ల్యాబుల్లో ఈ చిక్కుని అందంగా తప్పించుకుంటారు. ముక్కతోపాటు కొలిచే పరికరం కూడా వేడిలోనే ఉంటే, పరికరం సాగినంత మేర కొలత తగ్గుతుంది. స్టీలు స్కేలుని కూడా పీఎల్ఏతోపాటు వేడి చేస్తే 68 బదులు 56 కొలుస్తాం. అందుకే డైలాటోమీటర్‌లో ముక్కని పట్టే గొట్టం, తాకే కడ్డీ ఫ్యూజ్డ్ సిలికాతో చేస్తారు. అది మీటరుకి డిగ్రీకి అర మైక్రాన్ మాత్రమే సాగుతుంది. అంటే దాదాపు సాగని స్కేలు అన్నమాట. ప్లాస్టిక్‌ల కోసం ఏఎస్‌టీఎం డీ696 అనే ప్రామాణిక పద్ధతి ఇలాంటిదే.

ఆ పద్ధతి వివరాలు చదువుతుంటే ఒక చోట ఆగిపోయా. అది కొలిచే ఉష్ణోగ్రత మైనస్ 30 నుంచి ప్లస్ 30 డిగ్రీల వరకు. ముప్ఫై! విజయవాడలో ఏప్రిల్ నెలలో పొద్దున టిఫిన్ టైముకే దాటిపోయే అంకె అది. అంటే ఒక ప్లాస్టిక్ డేటాషీట్లో ఈ పద్ధతితో కొలిచిన వ్యాకోచం అంకె ఉంటే, మా నాన్న కారులో మధ్యాహ్నం ఏం జరుగుతుందో అది చెప్పట్లేదు. చెప్పానని కూడా అనట్లేదు. మనమే అలా అనుకుంటాం.

లెక్క కుదరట్లేదు

అంకెలు చేతికొచ్చాక స్టాండు లెక్క మళ్లీ వేశా. కవరుతో కలిపి నాన్న ఫోన్ వెడల్పు 76.0 మిల్లీమీటర్లు. మొదటి స్టాండులో రెండు చేతుల మధ్య ఖాళీ 75.2. ఫోన్ పెడితే చేతులు 0.8 మేర విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడమే పట్టు. డ్యాష్‌బోర్డ్ గది కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది అనుకుందాం. స్టాండు ఖాళీ 0.21 పెరుగుతుంది. నాన్న ఫోన్ ఫ్రేమ్ కూడా ప్లాస్టికే, జేబులోంచి తీస్తారు కాబట్టి అది పది డిగ్రీలు వేడెక్కి ఉంటుంది, 0.05 పెరుగుతుంది. నికరంగా పట్టు తగ్గేది 0.16. అంటే 0.8 కాస్తా 0.64 అవుతుంది. అంతే!

ఆ మాత్రానికి ఫోన్ పడకూడదు. రెండో స్టాండు ఇంకా బిగువు, 74.9. అది అసలు పడకూడదు. కానీ రెండూ వదిలేశాయి. వ్యాకోచం దొంగ అనుకుని రెండు రోజులు వెంటపడితే, దొరికిన దొంగ జేబులో 0.16 మాత్రమే ఉంది.

ఆ శనివారం కాలిపర్, థర్మోకపుల్ బ్యాగులో వేసుకుని విజయవాడ బస్సెక్కా.

మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద, స్టాండు మొదట్లో థర్మోకపుల్ అతికించి చూస్తే 67 డిగ్రీలు. మీటర్ తప్పేమో అనుకున్నా. కాదు. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వేసవిలో ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో కొలిస్తే డ్యాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీలుంది. అదీ ఎడారి ఊరే, మా ఊరేం తీసిపోలేదు.

పీఎల్ఏ గట్టిదనం వదిలి మెత్తబడటం మొదలయ్యేది 55 నుంచి 60 డిగ్రీల దగ్గర. కరగదు, అది 150 దాటాకే. కానీ 60 దాటితే నానిన తోలులా అయిపోతుంది, ఎలా వంచితే అలా ఉంటుంది. నేను ఇంట్లో ప్రయోగాలన్నీ చేసింది 51 దగ్గర. కథ మొత్తం జరిగింది ఆ పైన.

డిక్కీలో పడేసిన మొదటి స్టాండు, రబ్బరు బ్యాండ్లేసిన రెండో స్టాండు రెండూ తీసి, రాత్రి కూలర్ ముందు పూర్తిగా చల్లబడ్డాక కొలిచా. మొదటిది 75.96. రెండోది 75.92.

ఒకటి 75.2గా, ఇంకోటి 74.9గా పుట్టాయి. రెండూ వచ్చి 76 దగ్గర ఆగాయి. 76 అంటే నాన్న ఫోన్ వెడల్పు.

ఆ అంకెలు చూశాక ఏం జరిగిందో విప్పుకోవడం కష్టం కాలేదు. నాన్న భోజనానికి బండి ఎండలో ఆపి, ఫోన్ జేబులో పెట్టుకుని దిగుతారు. స్టాండు ఎండలోనే ఉండి మెత్తబడుతుంది. తిరిగొచ్చి ఆ మెత్తటి స్టాండులో ఫోన్ నొక్కుతారు, చేతులు విచ్చుకుంటాయి. ఏసీ వేస్తారు. స్టాండు విచ్చుకున్న ఆకారంలోనే గట్టిపడిపోతుంది. ఇక పట్టు అనేదే లేదు, ఫోన్ సైజుకి అచ్చు పోసినట్టు అయిపోతుంది. మిగిలింది 0.04 మాత్రమే, అది చల్లటి పొద్దున పూట ఎలాగో లాక్కొస్తుంది. మధ్యాహ్నం ఆ 0.16 వ్యాకోచం వచ్చి చేరేసరికి అదీ పోతుంది. ఫోన్ పెడల్ దగ్గర ఉంటుంది. వ్యాకోచం తప్పు చేయలేదని కాదు, చివరి నెట్టు దానిదే. కానీ అంచుదాకా తీసుకొచ్చింది వేరేది. నేను ఇంకో 0.3 బిగించి మూడో స్టాండు పంపినా అదీ వారం తర్వాత 76కే వచ్చి కూర్చునేది.

చల్లారాక మళ్లీ కొలవండి

హైదరాబాద్ వచ్చి పీఎల్ఏ కడ్డీని 66 డిగ్రీల నీళ్లలో అరగంట పెట్టా. దాని మీద ఏ బరువూ లేదు, ఏ బిగింపూ లేదు. చల్లారాక కొలిస్తే 140.02 ఉండాల్సింది 139.31 ఉంది. సాగిన వస్తువు చల్లారి మళ్లీ మొదటికొస్తుందనుకుంటే, అసలుకంటే 0.7 మిల్లీమీటర్లు పొట్టిదైపోయింది. మందం మాత్రం కొంచెం పెరిగింది. ప్రింటర్ నాజిల్ ప్లాస్టిక్‌ని దారంలా లాగుతూ పరుస్తుంది. ఆ లాగుడులో సాగిన గొలుసులు అలాగే గడ్డకట్టి ఉంటాయి. మెత్తబడే వేడి తగలగానే వదిలిన రబ్బరులా వెనక్కి ముడుచుకుంటాయి. 51 డిగ్రీల దగ్గర నేను రెండు రోజులు కష్టపడి కొలిచిన 0.23 కంటే ఇది మూడు రెట్లు. పైగా వ్యతిరేక దిశలో.

అసలు చూడాల్సింది వేడిలో ఎంత సాగింది అన్నదొక్కటే కాదు, చల్లారాక ఎంత తిరిగొచ్చింది అన్నది. మొదటి కొలతకి మంచి కాలిపర్, ఓపిక కావాలి. రెండోదానికి చవక స్కేలున్నా చాలు, తేడా అంత పెద్దగా ఉంటుంది. నేను కష్టమైనది ముందు చేసి, సులువైనది మర్చిపోయా.

ఇక ఏ ప్లాస్టిక్‌తో చెయ్యాలి? పీఈటీజీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. 67 కొలిచిన చోట అది సరిపోవచ్చు, కానీ మే నెల ముందుంది, ఆ మార్జిన్ నాకు నచ్చలేదు. ఏబీఎస్ 105 దాకా ఆగుతుంది, అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పసుపెక్కి పెళుసుబారుతుంది. ఏఎస్ఏ అనేది ఏబీఎస్‌కి చుట్టమే. దాదాపు 100 డిగ్రీలదాకా గట్టిగా ఉంటుంది, ఎండకి ఆగుతుంది. కార్ల బయటి భాగాల్లో కూడా వాడతారు. తమాషా ఏంటంటే ఇది పీఎల్ఏ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, 95 దాకా. కొలవకముందు నన్నడిగి ఉంటే "ఎక్కువ సాగేది వద్దు" అని దీన్ని పక్కన పెట్టేసేవాణ్ని.

ఏఎస్ఏతో అదే డిజైన్, 75.2 ఖాళీతో, ఫ్రెండు ప్రింటర్ మీద తీయించా. ఈసారి పరీక్ష కూడా నాన్న కారులో జరిగినట్టే పెట్టా. అల్యూమినియం కడ్డీ పని అయిపోయింది కాబట్టి దాన్నే సరిగ్గా 76కి కోయించి ఫోన్ బదులు స్టాండులో బిగించా. రెండు కవర్లలో చుట్టి 80 డిగ్రీల నీళ్లలో గంట ఉంచి, బిగించినట్టే చల్లార్చి, ముక్క తీసి కొలిచా. 75.26. పోయింది 0.06. పక్కనే కొత్త పీఎల్ఏ స్టాండుని 66 డిగ్రీల్లోనే అలా చేస్తే 75.91కి వచ్చింది. ఈ ఒక్క పరీక్ష ఫిబ్రవరిలోనే చేసి ఉంటే ఆ లారీ ముందు ఆ సీన్ ఉండేది కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది.

డిజైన్‌లో కూడా రెండు మార్పులు చేశా. చేతుల లోపల ఒక్కో మిల్లీమీటరు మందం సిలికాన్ ప్యాడ్లు పెట్టి ఖాళీని ఆ మేరకు సర్దా. గట్టి ప్లాస్టిక్‌కి 0.2 మిల్లీమీటర్లు అంటే పట్టులో నాలుగో వంతు. మెత్తటి ప్యాడ్‌కి అది లెక్కలోకే రాదు. అంటే నాన్న రబ్బరు బ్యాండ్లు కంగారులో చేసిన అతుకు కాదు, సరైన పరిష్కారం. ఈ సంగతి ఆయనకి చెప్పా, చాలా మామూలుగా తీసుకున్నారు. రెండో మార్పు, డ్యాష్‌బోర్డ్‌కి బిగించే స్క్రూ రంధ్రాల్లో ఒకదాన్ని గుండ్రంగా, రెండోదాన్ని పొడవాటి గాడిలా చేశా. రెండూ గుండ్రంగా బిగిస్తే, సాగడానికి చోటు లేక స్టాండు అడుగు మధ్యలో పైకి లేస్తుంది.

ఫోన్లలో ఇదే గొడవ

ఇదంతా అయ్యాక ఫోన్లు చూసే చూపు మారిపోయింది. 160 మిల్లీమీటర్ల పొడవున్న పాలీకార్బొనేట్ ఫ్రేమ్ 30 డిగ్రీలు వేడెక్కితే 0.33 సాగుతుంది. దాని మీద అతికించిన గాజు 0.04 మాత్రమే. ఆ తేడా ఎక్కడికి పోవాలి? కొంత, స్క్రీన్ చుట్టూ ఉండే మెత్తటి అంటు పొర భరిస్తుంది. అందుకే అక్కడ రాయిలా గట్టిపడే జిగురు వేస్తే ఇబ్బంది. చవకగా స్క్రీన్ మార్పించాక కొన్ని ఫోన్లలో అంచు లేచిందంటే నేను ఇప్పుడు ముందు ఆ జిగురునే అనుమానిస్తా.

ఇంకో దారి ప్లాస్టిక్‌నే మార్చడం. సన్నటి గాజు పీచు 30 శాతం కలిపితే పాలీకార్బొనేట్ వ్యాకోచం, పీచు పరుచుకున్న దిశలో, మూడో వంతుకి పడిపోతుంది. అంటే అల్యూమినియం దగ్గరికి వచ్చేస్తుంది. మెటల్ బాడీ ఫోన్ల అంచుల్లో కనిపించే సన్నటి యాంటెన్నా గీతలు ప్లాస్టిక్కే. గాజు పీచు కలిపి లోహంతో సమానంగా సాగేలా చేయకపోతే ఆ గీత పక్కన గోరు దిగేంత పగులు వచ్చేది. నేను పాత ఫోన్లలో ఆ గీతల మీద గోరు ఆనించి చూడటం ఈ మధ్య అలవాటైంది. రూమ్మేట్ దీని మీద కూడా ఏదో అన్నాడు.

కొనేవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి. స్టాండు గానీ ఛార్జర్ గానీ, దాని లోపలి వైపు లేదా అడుగున వెతికితే, కోణాకారపు గుర్తుల మధ్య ప్లాస్టిక్ పేరు అచ్చు వేసి ఉండొచ్చు. ఏబీఎస్, పీసీ, పీసీ ప్లస్ ఏబీఎస్, పీఏ66 జీఎఫ్30 లాంటివి. చివరిదానర్థం 30 శాతం గాజు పీచు కలిపిన నైలాన్. కారు స్టాండుకైతే వీటిలో ఏదున్నా నాకు ఓకే. ఏ పేరూ లేని త్రీడీ ప్రింటెడ్ స్టాండు ఆన్‌లైన్‌లో కొంటుంటే ఏ ప్లాస్టిక్ అని అడగండి. పీఎల్ఏ అని చెబితే ఇంట్లో టేబుల్ మీదకి మాత్రమే తీసుకోండి.

ఫోన్ని మాత్రం ఈ ప్రయోగాల్లోకి లాగొద్దు. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే పరిధి 35 డిగ్రీలదాకా, ఆపేసి ఉంచడానికి 45 దాకా. డ్యాష్‌బోర్డ్ దానికి ఇరవై డిగ్రీలు పైన ఉంటుంది. నాన్న ఫోన్ని జేబులో పెట్టుకుని దిగడమే ఈ కథలో మొదట్నుంచీ సరిగ్గా జరిగిన ఒకే ఒక్క పని.

కొత్త స్టాండు మే మొదటి వారంలో బిగించా. మూడు వారాలయ్యాక ఇంటికెళ్లినప్పుడు తీసి కొలిస్తే, ప్యాడ్లు తీసేసి చూసిన ఖాళీలో తేడా 0.03. నా కాలిపర్ తప్పు కూడా అంతే, కాబట్టి కదిలిందని చెప్పలేను, కదల్లేదనీ చెప్పలేను. అసలైన ఎండలు ఇప్పుడే మొదలయ్యాయి, కార్తె వెళ్లాక ఇంకోసారి కొలుస్తా.

రబ్బరు బ్యాండ్లు తీసేశారేమో అని చూస్తే గేర్ రాడ్‌కి చుట్టి ఉన్నాయి. "ఉండనీరా, తిండి అడుగుతాయా ఏంటి" అన్నారు నాన్న.